కంప్యూటర్ ఓనమాలు
కొత్తగా నేర్చుకునే పెద్దల కోసం

ఇవాళ కంప్యూటర్ లేని ఇల్లు అరుదు. బల్లమీద పెట్టుకునే పెట్టె లేకపోయినా, జేబులో వేసుకునే ఫోన్ కూడా కంప్యూటరే. అయితే వస్తువు ఇంట్లోకి వచ్చినంత తేలికగా దాని మాటలు మన నోటికి రాలేదు. "ఫైల్ సేవ్ చేశారా తాతయ్యా?", "ఏ ఫోల్డర్‌లో పెట్టారు అమ్మమ్మా?", "ఫాంట్ లేదు, అందుకే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తోంది" అని పిల్లలు అంటూంటే తల ఊపి ఊరుకునే పెద్దలు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళు ఆఫీసుల్లో పద్దులు రాసినవాళ్ళే, వ్యాపారాలు నడిపినవాళ్ళే, పిల్లల్ని పెద్ద చదువులు చదివించినవాళ్ళే. తెలివి తక్కువై కాదు, ఆ మాటలను ఎవరూ కూర్చోబెట్టి ఇంటి భాషలో చెప్పకపోవడం వల్లనే వాళ్ళు వెనకబడ్డారు.

ఈ మాటలు తెలుసుకోవడం వల్ల రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది అందరికీ సంబంధించినది. బ్యాంకు, పింఛను, రైలు టికెట్టు, కరెంటు బిల్లు అన్నీ ఫోన్‌లోకి చేరాయి గనుక, మాట అర్థం కాకపోతే మోసపోయే ప్రమాదం ఉంది. రెండవది మనబోటి ప్రవాస కుటుంబాలకు ప్రత్యేకమైనది. బెంగుళూరు, బళ్ళారి, మదురై, హోసూరు, బరంపురం, షోలాపూర్, ముంబయి వంటి ఊళ్ళలో తరతరాలుగా ఉన్న మనకు తెలుగు చదువు బడిలో దొరకడం కష్టం. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. మనం రాసుకున్నదీ, అచ్చువేసుకున్నదీ కంప్యూటర్‌లో నిలుస్తుందా, పోతుందా అన్నది ఇకముందు మన చేతిలోనే ఉంది. అందుచేత ఈ వ్యాసంలో ముఖ్యమైన మాటలను ఒక్కొక్కటిగా చూద్దాం. ఒక్క విడతలో గుర్తుండకపోయినా కంగారు పడనక్కరలేదు. అవసరమైనప్పుడు తీసి చూసుకోవచ్చు.

మాట ఏ భాషదైతేనేం?

కంప్యూటర్ అనే ఇంగ్లీషు మాటకు లెక్క కట్టేది అని అర్థం. తెలుగు పుస్తకాల్లో గణకయంత్రం అని రాశారు. కన్నడంలోనూ గణకయంత్ర అంటారు. మరాఠీలో సంగణక్, తమిళంలో కణిని. మనలాగే ఒడియావాళ్ళూ వాడుకలో కంప్యూటర్ అనే అంటారు. ఇక యానాంలో ఫ్రెంచి చదువుకున్న పెద్దలకు ఒర్దినాతర్ అన్న మాట పరిచయమే. ఇందులో ఒక చిత్రం ఉంది. ఫ్రెంచివారు యానాం వదిలిపెట్టింది 1954లో. ఒర్దినాతర్ అన్న మాట కంప్యూటర్‌కు వాడవచ్చునని ఐబీఎం కంపెనీకి జాక్ పెరే అనే లాటిన్ ఆచార్యుడు సూచించింది 1955లో. అంటే పాలకులు వెళ్ళిపోయిన మరుసటి ఏడు పుట్టిన మాట అది. క్రమంలో పెట్టేది అని దాని అర్థం.

ఇన్ని భాషల మధ్య బతికే మనకు ఒక సౌలభ్యం ఉంది. తెలుగులో అర్థం కానిది ఒక్కొక్కసారి పొరుగు భాషలో ఇట్టే తెలిసిపోతుంది. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ అనే మాటలనే తీసుకోండి. తమిళంలో వాటిని వన్‌పొరుళ్, మెన్‌పొరుళ్ అంటారు. అంటే గట్టి వస్తువు, మెత్తని వస్తువు. కన్నడంలో యంత్రాంశ, తంత్రాంశ అంటారు. యంత్రానికి సంబంధించిన భాగం ఒకటి, దాన్ని నడిపే తంత్రం ఇంకొకటి. ఇంతకంటే వివరణ ఏం కావాలి?

చేత్తో ముట్టుకోగలిగినదంతా హార్డ్‌వేర్. తెర, మీటల పలక, మౌస్, ప్రింటర్, లోపలి పలకలు, తీగలు అన్నీ ఇందులోకే వస్తాయి. ఆ యంత్రం ఏ పని ఎలా చేయాలో చెప్పే ఆజ్ఞల వరస సాఫ్ట్‌వేర్. హార్మోనియం హార్డ్‌వేర్ అయితే, దానిమీద వాయించే పాట సాఫ్ట్‌వేర్ అనుకోవచ్చు. ఒకే పెట్టెమీద ఎన్ని పాటలైనా వాయించవచ్చు. ఒక పనికోసం తయారైన సాఫ్ట్‌వేర్‌ను ప్రోగ్రాం అనీ, ఫోన్‌లో అయితే యాప్ అనీ అంటాం. వీటన్నిటికీ చోటు కేటాయించి, ఒకదానితో ఒకటి తగాదా పడకుండా చూసే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ ఇలాంటివే. ఉమ్మడి కుటుంబంలో ఇంటి పెద్దకోడలు చేసే పని అది చేస్తుంది.

వంటగట్టు, సామాన్ల గది

కంప్యూటర్ లోపల లెక్కలన్నీ చేసే భాగాన్ని ప్రాసెసర్ లేక సీపీయూ అంటారు. వంటింటి లెక్కన చూస్తే అది వంట చేసే మనిషి. ఆ మనిషి పని చేసుకునే గట్టు ర్యామ్. నెలసరి సరుకులు దాచుకునే గది హార్డ్ డిస్క్. కొత్త కంప్యూటర్లలో దాని బదులు ఎస్‌ఎస్‌డీ అనే, తిరిగే చక్రాలు లేని నిల్వ పరికరం ఉంటుంది. అది మరింత వేగంగా పనిచేస్తుంది.

మీరు ఒక ఉత్తరం టైపు చేస్తున్నారనుకోండి. అది ముందుగా గట్టుమీద, అంటే ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు పోతే గట్టుమీద ఉన్నదంతా మాయమవుతుంది. సేవ్ చేయడమంటే గట్టుమీది పదార్థాన్ని డబ్బాలో పోసి, పేరు రాసి, గదిలో పెట్టడం. ఆ డబ్బాయే ఫైల్. డబ్బాలు పెట్టుకునే అర ఫోల్డర్. ఫైల్‌కు పేరు పెట్టేటప్పుడు "కొత్తది", "చివరిది" అని పెట్టకుండా "పెళ్ళి శుభలేఖ 2024" వంటి పేరు పెడితే పదేళ్ళ తరువాత కూడా వెతుక్కోవచ్చు.

గట్టు చిన్నదైతే ఒకేసారి నాలుగు వంటలు చేయలేం. అలాగే ర్యామ్ తక్కువైతే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. గది నిండిపోతే కొత్త సరుకు పట్టదు. ఫోన్‌లో "స్టోరేజ్ నిండిపోయింది" అని వచ్చే హెచ్చరికకు అర్థం ఇదే. అంతేగాని ఫోన్ పాడైందని కాదు.

డిలీట్ చేయడమంటే తీసివేయడం. కంప్యూటర్‌లో తీసివేసిన ఫైల్ సాధారణంగా ముందు చెత్తబుట్టలోకి, అంటే రీసైకిల్ బిన్‌లోకి పోతుంది. పొరబాటున తీసేసినా అక్కడినుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. బుట్ట ఖాళీ చేశాక మాత్రం తేవడం కష్టం. పెన్‌డ్రైవ్‌లోంచి తీసివేసినవి చాలావరకు ఈ బుట్టలోకి రావు. కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

షోలాపూర్ మగ్గం, సున్న, ఒకటి

కంప్యూటర్‌కు తెలిసినవి రెండే సంగతులు, సున్న, ఒకటి. ఆ ఒక్కొక్క గుర్తును బిట్ అంటారు. రెండే గుర్తులతో ఇంత ప్రపంచం ఎలా నడుస్తుందని ఆశ్చర్యపడేవారు షోలాపూర్‌లో స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలను అడగవచ్చు. అక్కడి దుప్పట్లు జకార్డ్ మగ్గంమీద నేస్తారు. జకార్డ్ మగ్గానికి కన్నాలు పొడిచిన అట్టలు ఉంటాయి. కన్నం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. కన్నం ఉందా, లేదా అన్న ఈ రెండు సంగతులతోనే పువ్వులు, నెమళ్ళు, అక్షరాలు అన్నీ బట్టమీదికి వస్తాయి. ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ ఈ పద్ధతిని 1804లో పూర్తి చేశాడు. తరువాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను ఊహించిన లెక్కల యంత్రానికి ఈ కన్నాల అట్టలనే వాడదలిచాడు. ఆ యంత్రం పూర్తికాలేదు గాని ఆలోచన నిలిచింది. కంప్యూటర్ వంశవృక్షంలో నేతగాడి మగ్గం ఉందన్నమాట!

ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఎనిమిది చోట్ల సున్న, ఒకటి మార్చి మార్చి పెడితే 256 రకాల అమరికలు వస్తాయి. ఇంగ్లీషు అక్షరం ఒకటి దాచడానికి ఒక బైట్ చాలు. సుమారు వెయ్యి బైట్లు ఒక కేబీ, వెయ్యి కేబీలు ఒక ఎంబీ, వెయ్యి ఎంబీలు ఒక జీబీ, వెయ్యి జీబీలు ఒక టీబీ. కొన్ని లెక్కల్లో వెయ్యికి బదులు 1024 అంటారు. మన పనికి వెయ్యి అనుకుంటే సరిపోతుంది.

ఈ కొలతలు కళ్ళకు కట్టాలంటే పాత వస్తువులు గుర్తు చేసుకోండి. 1990లలో వాడిన చిన్న ఫ్లాపీలో 1.44 ఎంబీ పట్టేది. సీడీలో 700 ఎంబీ, మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటో తరచుగా రెండు మూడు ఎంబీలు ఉంటుంది. అంటే అది ఆ ఫ్లాపీలో పట్టదు. రాతకు మాత్రం చాలా తక్కువ చోటు కావాలి. ఒక తెలుగు పేజీకి సుమారు నాలుగున్నర కేబీ అనుకుంటే, మూడు ఎంబీల ఫోటో ఒకటి ఆక్రమించే చోటులో ఆరువందల పైచిలుకు పేజీల తెలుగు రాత పడుతుంది. తాతగారి రాతలు దాచడానికి చోటు లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

"క" గారి చిరునామా

కంప్యూటర్‌కు అంకెలు తప్ప అక్షరాలు తెలియవని చెప్పుకున్నాం. కాబట్టి ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించాలి. ఇంగ్లీషు పెద్దబడి ఏ అక్షరానికి 65 అన్న అంకె 1960లలోనే ఖాయమైంది. మరి మన అక్షరాలకు?

మన దేశంలో ఇస్కీ అనే పద్ధతిని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా ప్రకటించింది. 1988లో పుణేలో ఏర్పడిన సీ-డాక్ సంస్థ భారతీయ భాషలను కంప్యూటర్‌లోకి తేవడంలో చాలా పని చేసింది. ఇక ప్రపంచ భాషలన్నిటికీ ఒకే పట్టిక ఉండాలన్న ఉద్దేశంతో వచ్చినది యూనికోడ్. దాని తొలి కూర్పు 1991 అక్టోబరులో వెలువడింది. అందులోనే తెలుగుకు చోటు దొరికింది.

యూనికోడ్‌ను ఒక పెద్ద ఊరు అనుకుందాం. అందులో మన భాషల లిపులకు తలా ఒక వీధి, వీధికి 128 ఇళ్ళు. మరాఠీ, హిందీ రాసే దేవనాగరి వీధి 2304తో మొదలవుతుంది. ఒడియా వీధి 2816తో, తమిళ వీధి 2944తో, తెలుగు వీధి 3072తో, కన్నడ వీధి 3200తో మొదలవుతాయి. తెలుగు వీధి, కన్నడ వీధి పక్కపక్కనే ఉన్నాయి చూశారా! తెలుగు "క" చిరునామా 3093. ఇందులోంచి వీధి మొదటి అంకె 3072 తీసివేస్తే 21 మిగులుతుంది. కన్నడ "క" 3221. అందులోంచి 3200 తీసివేసినా 21. తమిళ "క" 2965, ఒడియా "క" 2837, దేవనాగరి "క" 2325. ఏది తీసివేసి చూసినా మిగిలేది 21. అన్ని వీధుల్లోనూ "క" గారు అదే వరస ఇంట్లో ఉన్నారు. తమిళంలో ఖ, గ, ఘ అక్షరాలు లేవు గనుక ఆ వీధిలో "క" తరువాతి మూడు ఇళ్ళు ఖాళీగా అట్టేపెట్టారు. వర్ణమాల ఒకటేనని మన పెద్దలు చెప్పినది కంప్యూటర్‌లో అంకెలతో సహా కనబడుతుంది. బడిలో కన్నడమో తమిళమో చదివే మనవలకు ఈ లెక్క చేసి చూపించండి. తెలుగు లిపి కొత్త లోకం కాదనీ, తమకు వచ్చిన వరసే కొత్త ఆకారంలో ఉందనీ వాళ్ళే గ్రహిస్తారు.

ఈ పట్టికలో ఒత్తులకు, గుణింతాలకు ప్రత్యేకమైన పద్ధతి ఉంది. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. అందుకే దిద్దుబాటు మీట ఒకసారి నొక్కితే తరచుగా అక్షరమంతా పోకుండా చివరి దీర్ఘం మాత్రమే పోతుంది. అది యంత్రం తప్పు కాదు, దాని లెక్క అది.

దాచుకునే చోటు విషయంలోనూ తేడా ఉంది. సాధారణంగా వాడే పద్ధతిలో ఇలాంటి ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు పడుతుంది. తెలుగు అన్న మాట మూడక్షరాలే అయినా, లోపల ఆరు గుర్తులు గనుక పద్దెనిమిది బైట్లు. పాత పద్ధతి ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లీషుకు 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 గుర్తులే పట్టడం కూడా అక్షరాలకు అదనపు చోటు కావలసి రావడం వల్లనే.

ఫాంట్ అంటే ఏమిటి? పాత ఉత్తరాలు ఎందుకు తెరుచుకోవు?

యూనికోడ్ అక్షరానికి అంకె ఇస్తుంది. ఆ అంకెకు తెరమీద రూపం ఇచ్చేది ఫాంట్. ఒకే "అమ్మ"ను ఒకరు గుండ్రంగా, ఒకరు కోలగా రాసినట్లు, ఒకే అంకెను వేరు వేరు ఫాంట్లు వేరు వేరుగా చూపిస్తాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంట్ వచ్చింది. యానాం ఒడ్డున పారే గోదావరి పాయ పేరు అది. తెలుగు ఫాంట్ లేని యంత్రంలో తెలుగు ఉత్తరం తెరిస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఉత్తరం పాడవలేదు. ఫాంట్ పెడితే చక్కగా చదవవచ్చు.

కాని ఇంకొక రకం చిక్కు ఉంది, ఇది గట్టిది. 1991లో పట్టికలో తెలుగుకు చోటు దొరికినా, మామూలు కంప్యూటర్లలో అది పనిచేయడానికి పదేళ్ళు పట్టింది. ఈ మధ్యకాలంలో పత్రికలు, శుభలేఖలు, సంఘాల సంచికలు ఆగలేదు కదా! అచ్చుపని చేసేవారు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరాల అంకెల మీదే తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, వత్తు ఒక చోట పెట్టి, వాటిని అతికించి అక్షరం తయారు చేశారు. చూసేవారికి అది తెలుగే. కంప్యూటర్ మాత్రం లోపల ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు అనే అనుకుంటుంది. ఆ ఫాంట్ తీసివేస్తే, అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరస మిగులుతుంది. పైగా ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క రకంగా ముక్కలు పేర్చాడు. కనుక ఒకరి ఫాంట్‌లో కొట్టినది ఇంకొకరి ఫాంట్‌లో తెరుచుకోదు.

ఆ రోజుల్లో టైపు చేయించిన వంశవృక్షాలు, యాత్రా విశేషాలు, పాటల పుస్తకాలు, సంఘం వార్షిక సంచికలు ఇంకా ఎన్నో ఇళ్ళలో ఫ్లాపీల్లో, సీడీల్లో మూలుగుతున్నాయి. వాటిని రక్షించుకోవడానికి దారులున్నాయి. మొదటిది, ఏ ఫాంట్‌లో టైపు చేశారో కనుక్కుని కాగితంమీద రాసి పెట్టుకోవడం. టైపు చేసిన మనిషి జ్ఞాపకంలో ఉన్న ఆ ఒక్క పేరే తాళంచెవి. రెండవది, కన్వర్టర్. అంటే ఒక ఫాంట్ రాతను యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్. తెలుగు వికీపీడియాకు 2003లో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున గారు పద్మ అనే పేరుతో ఇలాంటిది తయారు చేశారు. తరువాత ఇతరులవీ వచ్చాయి. మార్చిన తరువాత ఒకసారి చదివి దిద్దుకోవాలి. వత్తులు అక్కడక్కడా తారుమారు అవుతాయి.

మూడవ దారి, అచ్చు ప్రతి మాత్రమే ఉన్నవారికి. స్కానర్‌తో గాని, ఫోన్‌తో గాని పేజీలను ఫోటో తీసి పీడీఎఫ్ చేసుకోవచ్చు. పీడీఎఫ్ అంటే ఏ యంత్రంలో తెరిచినా పేజీ అచ్చులో ఉన్నట్లే కనిపించే ఫైల్. అయితే స్కాన్ చేసినది బొమ్మే గాని రాత కాదు. అందులో ఒక మాట కోసం వెతకలేం. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి రాతగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను ఓసీఆర్ అంటారు. తెలుగుకూ ఇది వచ్చింది. శుభ్రమైన అచ్చు అయితే బాగానే చదువుతుంది, చేతిరాత దగ్గర తడబడుతుంది.

మీటల పలక

తెలుగు టైపు చేయడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది, ఇంగ్లీషు అక్షరాల్లో మాట కొడితే తెలుగులోకి మారే పద్ధతి. ఇంగ్లీషు మీటలు అలవాటైనవారికి ఇది తేలిక. రెండవది, ఇన్‌స్క్రిప్ట్. ఇందులో అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. ఇది మనబోటివారికి ఎంతో ఉపయోగం. ఎందుకంటే భారతీయ భాషలన్నిటికీ మీటల అమరిక ఇంచుమించు ఒకటే. ఇంగ్లీషు కె మీట నొక్కితే తెలుగులో "క" వస్తుంది. భాష కన్నడానికి మార్చి అదే మీట నొక్కితే కన్నడ "క", మరాఠీకి మారిస్తే నాగరి "క". కె, ఎన్ అనే రెండు మీటలు వరసగా నొక్కితే తెలుగులో "కల" వస్తుంది. ఒకసారి వేళ్ళకు అలవాటైతే నాలుగు భాషల టైపు వచ్చినట్లే. మూడవది, మాట్లాడితే టైపు అయ్యే పద్ధతి. ఫోన్‌లో మీటల పలకమీద మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయి. చూపు మందగించినవారికి, వేళ్ళు వణికేవారికి ఇది వరం. ముందుగా ఫోన్ అమరికల్లో తెలుగు భాషను చేర్చుకోవాలి.

వల, కిటికీ, మబ్బు

ప్రపంచంలోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపిన పెద్ద వల ఇంటర్నెట్. తెలుగులో అంతర్జాలం. మనదేశంలో ప్రజలందరికీ దీన్ని 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ అందుబాటులోకి తెచ్చింది. ఇంటర్నెట్ రోడ్డు లాంటిది. ఆ రోడ్డుమీద నడిచేవాటిలో వెబ్ ఒకటి, ఈ-మెయిల్ ఇంకొకటి. వెబ్ పేజీలు చూపించే సాఫ్ట్‌వేర్‌ను బ్రౌజర్ అంటారు. ఒక పేజీనుంచి ఇంకొక పేజీకి తీసుకుపోయే ద్వారం లింక్. ఈ-మెయిల్‌ను తమిళులు మిన్నంజల్, కన్నడిగులు మించంచె అంటారు. రెండింటికీ మెరుపు టపా అనే భావమే.

అక్కడినుంచి మన దగ్గరికి తెచ్చుకోవడం డౌన్‌లోడ్, మన దగ్గరనుంచి అక్కడికి పంపడం అప్‌లోడ్. ఇంట్లో తీగ లేకుండా ఇంటర్నెట్ అందించేది వైఫై. దాన్ని ఇల్లంతా పంచే చిన్న పెట్టె రౌటర్. ఇక క్లౌడ్ అంటే మబ్బు. ఫోటోలు క్లౌడ్‌లో ఉన్నాయంటే ఆకాశంలో ఉన్నాయని కాదు. ఏదో ఒక కంపెనీవారి పెద్ద కంప్యూటర్లలో ఉన్నాయని అర్థం. మన సరుకు పరాయివారి గోదాములో ఉంచినట్లే. సౌకర్యమే గాని, దాని తాళంచెవి అయిన పాస్‌వర్డ్ పోతే మన సరుకు మనకే అందదు. ఒక్కొక్క ఇంట్లో ఆ పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిసి ఉంటుంది. వారికి ఏమైనా అయితే పెళ్ళి ఫోటోలు, పిల్లల ఫోటోలు అన్నీ అక్కడే చిక్కుకుపోతాయి. కనుక నమ్మకమైన మరొకరికి తెలిసేలా ఏర్పాటు ఉండాలి.

తాళాలు, తాళంచెవులు

పాస్‌వర్డ్ అంటే మనకూ కంప్యూటర్‌కూ మధ్య రహస్యపు మాట. మరాఠీలో పరవలీచా శబ్ద్ అంటారు. పుట్టినతేదీ, పిల్లల పేర్లు దానికి పనికిరావు. బ్యాంకుకు ఒకటి, ఈ-మెయిల్‌కు ఒకటి వేరుగా ఉండాలి.

పిన్ అంటే మీరు పెట్టుకున్న అంకెల రహస్యం. ఓటీపీ అంటే ఒక్కసారి మాత్రమే పనిచేసే అంకె. మీరు చేయబోయే పనిని మీరే చేస్తున్నారని తేల్చుకోవడానికి అది మీ ఫోన్‌కు వస్తుంది. కాబట్టి దాన్ని ఇంకొకరికి చెప్పడమంటే మీ బదులు సంతకం పెట్టమని కలం ఇవ్వడమే. బ్యాంకు ఉద్యోగి అయినా అడగకూడదు, మీరు చెప్పకూడదు.

యూపీఐ అంటే 2016లో వచ్చిన, ఫోన్‌తో డబ్బు పంపే పద్ధతి. ఇందులో ఒక్క సూత్రం గుర్తుంటే చాలా మోసాలనుంచి బయటపడవచ్చు. డబ్బు పంపడానికే పిన్ కావాలి. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. "మీకు బహుమతి వచ్చింది, పిన్ కొట్టి తీసుకోండి" అని ఎవరైనా అంటే అది మోసమే. ఫిషింగ్ అంటే చేపలకు ఎర వేసినట్లు, బ్యాంకు పేరుతోనో కరెంటు ఆఫీసు పేరుతోనో దొంగ లింక్ పంపి వివరాలు లాగడం. ఇటీవల డిజిటల్ అరెస్ట్ అనే మాటతో పెద్దలను భయపెడుతున్నారు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి, ఇంట్లోవాళ్ళకు చెప్పండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

బ్యాకప్: చివరి మాట, ముఖ్యమైన మాట

యంత్రం ఏదైనా ఒకనాటికి చెడిపోతుంది. అందుకని ఉంచుకునే రెండవ ప్రతిని బ్యాకప్ అంటారు. దీనికి తెలిసినవారు చెప్పే లెక్క మూడు, రెండు, ఒకటి. ముఖ్యమైనదానికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల వస్తువుల్లో ఉండాలి, కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి అన్నట్లు. వాటిలో ఒకటైనా వేరే ఊళ్ళో ఉండాలి. మన కుటుంబాలు ఎలాగూ నాలుగు ఊళ్ళలో ఉన్నాయి. కోలారులో ఉన్న అన్నయ్యగారి వంశవృక్షం ఒక ప్రతి బరంపురంలో చెల్లెలి ఇంట్లో ఉంటే, వరద వచ్చినా యంత్రం పాడైనా రాత నిలుస్తుంది.

ఈ సెలవుల్లో పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట దీనికి కేటాయించండి. బీరువాలో ఉన్న పాత సీడీలు, ఫ్లాపీలు, సంచికలు బయటికి తీయండి. ఏవి తెరుచుకుంటున్నాయో, ఏవి తెరుచుకోవడం లేదో ఒక కాగితంమీద రాయండి. ఫాంట్ పేరు తెలిస్తే పక్కనే రాయండి. మార్చే పని పిల్లలు చేస్తారు, మార్చిన తెలుగును చదివి తప్పులు దిద్దేపని మీరు చేయాలి. యంత్రం సంగతి వాళ్ళకు తెలుసు, అక్షరం సంగతి మీకు తెలుసు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటేనే ఆ పని పూర్తవుతుంది. మీరు వాళ్ళదగ్గర కంప్యూటర్ మాటలు నాలుగు నేర్చుకుంటే, వాళ్ళు మీ దగ్గర తెలుగు అక్షరాలు నాలుగు నేర్చుకుంటారు.